సంకరయ్య చెవి

రాత 1

కొత్త రూలు వచ్చింది. ఎవరి పని గురించి వాళ్ళు రోజూ రాయాలంట. పై ఆఫీసు చదవదు. రాయకపోతే మాత్రం అడుగుతుంది. అందుకని రాస్తున్నాను.

పేరు దాలినాయుడు. పని, మూడో గుంట వంటశాలలో చీటీ అందించడం. ముందు ఇక్కడే బోర్లు వేసేవాణ్ణి. మంచు తగిలేదాకా పైపు దింపడం, తగిలాక లేపడం. మోకాళ్ళు పోయాయి. ఇక్కడ కూర్చోబెట్టారు.

గుంట అంటే కుజుడి మీద తవ్విన గుంటే. పైన మూత, మూత మీద ఎర్రదుమ్ము. మా కాలంలో పిల్లకి కుజదోషం ఉందంటే సంబంధాలు వెనక్కి పోయేవి. ఇప్పుడు అందరం కుజుడి మీదే కాపురం. పంతులుగారు భూదోషం చూస్తున్నారు.

చీటీ ఇచ్చేది సంకరయ్య. మనిషి కాదు, పెట్టె. సంకర విత్తనం చేసినట్టు కూరల్ని చేస్తాడు. అందుకా పేరు. బాగా తిన్న కూరలు రెండు పట్టుకుంటాడు. ఒకదాని తల, ఇంకోదాని తోక అతికిస్తాడు. పిల్లకూర పుడుతుంది. దాని చీటీ బయటికొస్తుంది. నేను చింపి సన్యాసమ్మకిస్తాను. ఆమె వండుతుంది. పళ్ళేల్లో మిగిలింది ఎంగిలితొట్టిలో పడుతుంది. తొట్టే తూకమేసి సంకరయ్యకి చెప్పుకుంటుంది. మిగిలిపోయిన కూరకి వంశం ఉండదు. మిగలని కూర రేపటికి తల్లో తండ్రో అవుతుంది.

ఇంతే పని. చీటీ చింపడం.

రాత 2

పప్పు.

రాత 3

ఇవాళా పప్పే. పేరు దొండకాయ వేపుడు అని ఉంది. వండితే పప్పే అయింది.

పంపుల దగ్గర పనిచేసే మారుతి పళ్ళెం ఎత్తి వాసన చూశాడు.

"పిన్నీ, నిన్న పులుసన్నావు, మొన్న కూటన్నావు. మూడూ ఒక తల్లి బిడ్డల్లాగున్నాయేటి?"

"ఒక తల్లీ ఒక తండ్రీ, ఆళ్ళకి ఒక తాతా" అంది సన్యాసమ్మ. "చీటీలో ఏటుంటే అది వండుతాను. నా చెయ్యి పెట్టకూడదంట కదా. మెక్కు."

మారుతి సగం వదిలేశాడు. అందరూ సగం వదిలేశారు. అన్నీ ఒకేలా ఉంటే సంకరయ్య మాత్రం ఏది ఏరతాడు. ఆ సగం వదిలిన వాటికే మళ్ళీ పెళ్ళి చేస్తున్నాడు.

పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. మూడో గుంట ఎంగిలితొట్టి మిగతా అన్నిటికన్నా బరువుగా ఉందంట. ఇక్కడ మెతుకు పారేస్తే నేరం కిందే లెక్క. నెలాఖరుకి తనిఖీ. అప్పటికీ తొట్టి తేలిక పడకపోతే పొయ్యి ఆర్పేసి, రెండో గుంటలో ఇస్తున్నట్టు మాకూ గొట్టంముద్ద ఇస్తారు. పళ్ళ పేస్టులాగ నొక్కుకుని తినడమే.

సన్యాసమ్మని ఫిల్టర్లు కడిగే పనికి వేస్తారంట. కబురు నేనే చదివి వినిపించాను. ఆమె గరిట కడిగింది. ఆరబెట్టింది. మళ్ళీ కడిగింది.

ఏదైనా అనాల్సింది. కబురు మడిచి జేబులో పెట్టుకున్నాను.

రాత 4

అయిదో గుంట నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. పేరు మంజీర. సొరంగం బండి దిగి నేరుగా సంకరయ్య దగ్గరికే వచ్చింది. మూత తీసి లోపల చూసి నవ్వింది.

"తాతా, మార్పు మొత్తం బంద్ పెట్టిన్రు గద. వట్టి సంకరమే నడుస్తున్నది. ఉన్నదాన్నే అటు తిప్పి ఇటు తిప్పి కలుపుతున్నది. కొత్తది ఏడికెల్లి వస్తది?"

నేను తలూపాను.

"సమజ్ కాలే? మేనరికం తెలుసు గద. మేనమామ బిడ్డని చేసుకున్నరు. ఆళ్ళ పిల్లల్ని మల్ల అదే ఇంట్ల ఇచ్చిన్రు. తరం పోంగ పోంగ అందరిది ఒకటే ముక్కు."

అప్పుడర్థమయింది. మా పప్పుకి ఒకటే ముక్కు.

సన్యాసమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "మరేటి సెయ్యాల?"

"అప్పుడప్పుడు ఒక్కటి, ఊకెనే, గుడ్డిగ మార్చాలె. జీలకర్ర జాగల మెంతులు. ముందు ఏసేది ఎన్క. పది మార్పులల్ల తొమ్మిది ఖరాబైతయ్. ఒక్కటి తగుల్తది. తగిలినదాన్ని సంకరం అందరికి పంచుతది. రెండూ ఉండాలె."

మార్పు ఎప్పుడు చెయ్యాలో సంకరయ్యకి ఎలా తెలియాలి అంటే, దానికి ఒక చెవి బిగించింది. భోజనాల గదిలో, గోడమీద. చిన్న ఆకుపచ్చ దీపం.

"కూర నచ్చకపోతే జనం ఏమంటరు? మార్చు, మారాలె, గిట్లనే అంటరు గద. ఏ కూర పేరు పెట్టి ఆ మాటంటే ఆ కూరల ఒకటి మారుస్తది. ఎందరంటే అన్ని మార్పులు. జనం మాటే చట్టం."

పద్ధతిగా ఉంది అనిపించింది. చెవికి సీలు వేసి వెళ్ళిపోయింది. సీలు విప్పాలంటే భూమ్మీది పెద్దాఫీసు సరే అనాలి.

రాత 5

కొన్ని పాడు కూరలు వచ్చాయి. ఒకటి రెండు బాగానే వచ్చాయి. పప్పు పోయింది. ఎవరూ ఏడవలేదు.

రాత 6

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

చేపల పులుసు చీటీ వచ్చింది. నీళ్ళతొట్టిలో పెంచే చేపలే. చింతపండు దగ్గర గుడ్డిగా మార్పు పడింది. దాని బదులు పులిసిన గంజి. అంటే తరవాణి. సన్యాసమ్మ చీటీ చూసి కళ్ళద్దాలు తుడుచుకుంది.

"దీనికి తరవాణి ఎవులు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. గుడ్డిగా తగిలింది.

తాలింపు వేశాక వాసన గుంట చివరిదాకా పోయింది. పంపుల వాళ్ళు చేతులు కడుక్కోకుండా వచ్చేశారు. తినడం మొదలుపెట్టాక పళ్ళేలు గీకే చప్పుడే. తర్వాత మారుతి లేచి నిలబడి కేకేశాడు.

"పులుసు మారు, పిన్నీ!"

ఇక అందుకున్నారు. "పులుసు మారు!" "ఇటు, పులుసు మారు!" మా వైపు వాళ్ళకి రెండోసారి వడ్డన కావాలంటే అదే మాట. చిన్నప్పటినుంచీ బంతిలో అదే కేక. పండుముసలి వాళ్ళు కూడా పళ్ళెం ఎత్తి అరిచారు. సన్యాసమ్మ మొహం వెలిగిపోయింది. గోడమీద ఆకుపచ్చ దీపం కూడా తెగ వెలిగింది. పండగలాగే ఉంది.

నేను అడగలేదు. నేనెప్పుడూ మారు అడగను. పదిమందిలో కేకెయ్యడం నావల్ల కాదు. పెట్టింది తిని లేస్తాను.

పళ్ళెం ఇవ్వడానికి వెళ్తే సన్యాసమ్మ అంది, "అందరూ అడిగారు. నువ్వు తప్ప. ఇన్నేళ్ళలో నా చేతి వంట ఒక్కపాలీ మారు అడగనేదు నాయుడా. అంత చేదేటి?"

కాదు అనాలి. తల అడ్డంగా ఊపాను. ఆమె అప్పటికే అటు తిరిగింది.

రాత 7

సంకరయ్య పులుసునే మళ్ళీ ఇచ్చాడు. కానీ చేప ముక్కలు ఆఖర్న పచ్చివి వెయ్యమన్నాడు. ఉప్పు బదులు పంచదార. ఉల్లిపాయ బదులు సేమియా. తాలింపు నీళ్ళలో.

వండింది. తినలేదు ఎవరూ. ఎంగిలితొట్టి నిండింది.

రాత 8

కాకరకాయ పాయసం. రాసేదేం లేదు.

రాత 9

ఒక సంగతి కనిపెట్టాం. బాగున్న కూరే పాడవుతోంది. బాగోనిది ఎలా ఉన్నది అలాగే ఉంటోంది. మొన్న వంకాయకూర అద్భుతంగా కుదిరింది. నిన్న అందులో కాఫీపొడి. అదే సగం సగం తినే బెండకాయ జిగురు మాత్రం చెక్కుచెదరలేదు.

"దిష్టి" అన్నాడు మారుతి. "నరుడి కంటికి నల్లరాళ్ళే పగుల్తాయంటారు. మనం అంత లొట్టలేస్తే తగలదేటి?"

సన్యాసమ్మకీ అదే నిజమనిపించింది. సంకరయ్యకి ఎండుమిరపకాయలు, నిమ్మకాయ దండ గుచ్చి కట్టాం. ముడి నేనే వేశాను.

రాత 10

సంకరయ్య తనకి కట్టిన నిమ్మకాయని సరుకుల్లో లెక్కేసుకున్నాడు. ఇవాళ అన్నిట్లో నిమ్మకాయ. పాలల్లో కూడా.

దండ విప్పేశాను.

రాత 11

మంజీరకి కబురు పెట్టాం. వచ్చింది. పెట్టె మూత తీసింది, తీగలు చూసింది, ఏవో అంకెలు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయంది. తల పట్టుకుంది.

"నేను చెప్పినట్టే చేస్తున్నది తాతా. మీరే మార్చుమంటున్నరు, అది మారుస్తున్నది. గింతమంది గిన్నిసార్లు ఎందుకు మార్చుమంటున్నరు? అంత మంచిగున్న పులుసుని?"

"మేమెందుకంటాం అమ్మా?" అంది సన్యాసమ్మ. "ముందు తిను. తర్వాత తల పట్టుకుందువు."

ఇవాళ గుత్తిదోసకాయ కూర. కొత్తగా పుట్టింది. బాగుంది. మంజీర కూర్చుని రెండు ముద్దలు తిందో లేదో, వెనక బంతి నుంచి మారుతి అరిచాడు.

"కూర మారు!"

దీపం వెలిగింది.

మంజీర ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"కూర మారు, పిన్నీ!" ఇంకొకడు. దీపం. "కూర మారు!" దీపం.

"ఓ అన్నా" అంది మంజీర వెనక్కి తిరిగి. "కూరని ఎందుకు తిడుతున్నవ్?"

"తిట్టడమేటమ్మా? బాగుందనీ! మారు కావాలంటున్నాను."

"మారు అంటే?"

"మారంటే మారే. రెండోపాలి వడ్డన."

మంజీర లేచి నిలబడింది. గోడ చూసింది. మమ్మల్ని చూసింది. మళ్ళీ కూర్చుంది.

"మా గుంటల 'మల్ల ఎయ్యి' అంటం" అంది మెల్లగా. "మారు అంటే మారిపొమ్మనే అనుకున్న. అదీ గట్లనే అనుకున్నది."

అప్పుడు తెలిసింది. కొంచెం నచ్చితే కొంచెం మార్పు. బాగా నచ్చితే బోలెడు. అందరికీ ప్రాణమైన పులుసుని గుంటంతా కలిసి చంపుకున్నాం. కేకలేసి మరీ.

మొదట నవ్వింది సన్యాసమ్మే. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆపాక అంది, "ఈ గుంట మొత్తానికి నా పులుసుకి కీడు తలపెట్టనోడు ఒక్కడే. ఆ మాటాడని మనిషి."

నేను గోడ వైపు చూశాను. చెవులు వేడెక్కాయి.

రాత 12

సీలు విప్పడానికి భూమికి దరఖాస్తు పంపింది మంజీర. తనిఖీ లోపల జవాబు రాదంట. కాబట్టి భోజనాల గదిలో ఆ మాట నిషేధం. గోడమీద రాసి పెడదామంటే, రాసింది చదివేటప్పుడు పైకి చదువుతారని మానేశాం.

కావలసినవాళ్ళు ఖాళీ పళ్ళెం ఎత్తాలి. అంతే.

ఇబ్బంది మారుతితో. ఎవరో "మారుతీ, చారు ఇటందించు" అన్నారు. దీపం. మర్నాడు చారులో అటుకులు.

"నీ పేరు తీసేస్తున్నాం" అంది సన్యాసమ్మ.

"ఏటి పిన్నీ! మా నాయన పెట్టిన పేరు. వాయుపుత్రుడి పేరు."

"వాయువంటే గాలే కదా. ఇక నీ పేరు గాలోడు. ఈ గదిలో అంతే."

"బయటికెళ్ళాక?"

బయట కూడా అదే అంటున్నారు. వాడు మూతి ముడుచుకుని తింటున్నాడు. కానీ పళ్ళెం ఖాళీ చేస్తున్నాడు.

రాత 13

పులుసు తిరిగి రావాలి. అది లేకపోతే తనిఖీలో నెగ్గం. కానీ సంకరయ్య పాత చీటీలు దాచడు. చచ్చింది చచ్చిందే. సన్యాసమ్మకి పులుసు చెయ్యడం తెలుసు. చీటీ లేకుండా గరిట ముట్టుకుంటే పొయ్యి దానంతటదే ఆరిపోతుంది.

మంజీర పెట్టెలో ఇప్పుడున్న కూరలన్నీ తీసి చూసింది. చూసి చప్పట్లు కొట్టింది.

"మీ పులుసు పూర్తిగ సావలే పిన్నీ! ముక్కలు ముక్కలుగ బతికే ఉంది. తరవాణి వంకాయ కూరలకి పోయింది. తాలింపు చారులకి పోయింది. చేప ఏసే వరస ఇగురుల ఉంది. మార్పు ఆపి వట్టి సంకరం నడిపిస్తే, మంచి ముక్కలన్నీ యాడనో ఒక్కకాడ కలుస్తయ్. సంకరం ఉన్నది గందుకే."

"ఎప్పటికి కలుస్తాయి?"

"గది నేను చెప్పలేను. మీరు నోళ్ళు మూసుకుంటే జల్ది."

మా గుంటవాళ్ళ నోళ్ళ మీద ఆధారపడిందన్నమాట పొయ్యి. నాకు భయం వేసింది.

రాత 14

వంకాయలో చారు తాలింపు. బాగుంది. గాలోడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పళ్ళెం ఎత్తాడు.

రాత 15

ఇగురులో తరవాణి. ఇంకా బాగుంది. గదిలో మాటలే లేవు. పళ్ళేలు మాత్రం పైకి లేస్తున్నాయి, కిందికి దిగుతున్నాయి.

వడ్డించేవాళ్ళతోనే గొడవ. అలవాటు చొప్పున "ఇగురు మారు కావాలా" అని అడిగేస్తున్నారు. ఇద్దర్ని తీసేశారు.

"నాయుడికి ఇవ్వండి గరిట" అంది సన్యాసమ్మ. "అడగడు, అడిగించుకోడు."

రేపటినుంచి వడ్డన నాదే. రేపే తనిఖీ.

రాత 16

పొద్దున చీటీ చింపాను. చేపల పులుసు. తరవాణి. తాలింపు ఆఖర్న. చేపలు రెండో పొంగుకి. అంతా ఉంది. చీటీ సన్యాసమ్మ చేతికిచ్చాను. ఆమె చదివి కళ్ళకద్దుకుంది. ఏదో చీటీ గదా అంటే వినదు.

తనిఖీకి త్రిపురాంతకం గారు వచ్చారు. పెద్ద మనిషి. గోదావరి వైపాయన. వెంట తూకం యంత్రం. ఎంగిలితొట్టి పక్కనే పీట వేయించుకుని కూర్చున్నారు.

"అందరూ తినండి. నేనూ తింటాను. మీ తొట్టే చెబుతుందండి ఆఖర్న" అన్నారు.

నేను వడ్డించాను. ఆయన ఒక ముద్ద తిన్నారు. ఆగారు. రెండోది తిన్నారు. కళ్ళు మూసుకున్నారు. బంతంతా ఆయన్నే చూస్తోంది. పులుసు అయిపోయింది. పళ్ళెంలో వేలితో గీత గీసి నాకారు. తలెత్తారు. నోరు తెరిచారు.

"ఈ పులుసు మా..."

ఇంకొక్క అక్షరమే మిగిలింది. గాలోడు బల్ల కింద దూరాడు. ఎందుకో తెలీదు. సన్యాసమ్మ కొంగు పట్టుకుంది.

నేను ఆలోచించలేదు. గరిట నిండా తీసి ఆయన పళ్ళెంలో దింపేశాను. తొందరలో సగం ఆయన చొక్కా మీద పడింది. పడుతుండగా నా నోటినుంచి కేక వచ్చింది. "వేస్తున్నానండీ!" గుంట మొత్తం వినపడింది. నా గొంతు అంత ఉందని నాకే తెలీదు.

ఆయన చొక్కా చూసుకున్నారు. నన్ను చూశారు.

"...మా ఊరు గుర్తు చేసిందయ్యా అందామనుకున్నాను" అన్నారు.

దీపం ఒకసారి మినుకుమంది. ఆలోచించుకున్నట్టుంది. ఆరిపోయింది. సంకరయ్యకి ఊరంటే తెలీదు.

"మా ఊరు ధవళేశ్వరం పక్కనండి. మా అమ్మ ఇలాగే తరవాణితో..." ఆయన మా ఊరు మా ఊరు అని ఎన్నిసార్లన్నారో. అన్నిసార్లూ మేం దీపం చూశాం. ఆయన అనుకున్నారు, అందరూ కళ్ళప్పగించి తన మాటలు వింటున్నారని. పొంగిపోయి ఇంకా చెప్పారు.

తొట్టి తూచారు. ముళ్ళే ఉన్నాయి.

పొయ్యి ఉంచారు. చొక్కా ఉతికి ఇస్తానని సన్యాసమ్మ అంటే, వాసన ఉండనివ్వమ్మా అన్నారు.

రాత 31

భూమి నుంచి దరఖాస్తుకి జవాబొచ్చింది. "పరిశీలనలో ఉన్నది."

ఈలోగా కొత్త చిక్కు. ఎవరూ ఆ మాట అనడం లేదు కాబట్టి మార్పు లేదు. మళ్ళీ మేనరికం పట్టింది. అన్ని కూరలకీ తరవాణి ముక్కు. తొట్టి మెల్లగా బరువెక్కుతోంది.

మంజీర వచ్చి చూసింది. "నేను ముందే చెప్పిన. మొత్తం ఆపొద్దు. అందరు ఒర్రుడొద్దు. రోజుకి ఒక్కరు, ఒక్కసారి, ఒక్క కూరకి అంటే చాలు."

ఎవరనాలి అని పెద్ద గొడవ. అందరికీ కావాలి. గాలోడు తన పేరులోనే ఉంది కాబట్టి హక్కు తనదే అన్నాడు. వాడు ఒక్కసారితో ఆపుతాడని ఎవరికీ నమ్మకం లేదు.

"దాలినాయుడు మావైతే ఒక్కసారి మించి అనడు" అన్నాడు ఆఖరికి వాడే.

"అతనా!" సన్యాసమ్మ గరిట నడుముకి ఆనించింది. "ఒక్కసారి మించి అనడు, నిజమే. ఆ ఒక్కసారైనా అంటాడనేటి గ్యారంటీ?"

అందరూ నన్ను చూశారు. నాకు నేలలోకి పోవాలనిపించింది. బోరు వేసిన నేలే.

రాత 32

మధ్యాహ్నం కూర్చున్నాను. పులుసు. మొత్తం తిన్నాను. ఇంతమంది నా నోరు చూడటం ఇదే మొదలు.

అన్నాను. గాలి వచ్చింది, మాట రాలేదు. దీపం వెలగలేదు.

"తాతా, అది చెవే, దేవుడు కాదు. గట్టిగ అను" అంది మంజీర.

మళ్ళీ అన్నాను. పక్కవాడికి వినపడింది. దీపానికి లేదు.

సన్యాసమ్మ పొయ్యి దగ్గర, అటు తిరిగి నిలబడి ఉంది. గరిట చేతిలో ఉంది. తిరగలేదు. చూడకుండా ఉంటే కొంచెం తేలికని తెలుసేమో.

పళ్ళెం ఎత్తాను.

"పులుసు మారు" అన్నాను. "సన్యాసమ్మా."

దీపం వెలిగింది. గదంతా చప్పట్లు. సంకరయ్య పని అయిందని వాళ్ళ సంతోషం.

ఆమె వచ్చింది. రెండు ముక్కలు వేసింది, తలకాయ కూడా వేసింది. పులుసు అంచుదాకా పోసింది. నేను చాలు అనలేదు. ఆమె ఆపలేదు.

రాత 33

ఇవాళ్టి చీటీలో ఒక్కటే మారింది. కరివేపాకు ముందు వెయ్యాల్సింది, వెనక.

సన్యాసమ్మ చదివింది. "ఇంతోటిదానికా! రుచిలో తేడా ఏటీ రాదు నాయుడా."

రాకపోయినా నష్టం లేదు. మళ్ళీ అడుగుతాను. డ్యూటీ.